బ్రయన్ టాల్బట్ కామిక్స్: మారిపోయిన చరిత్రను బొమ్మ ఎలా మోస్తుంది?

క్లుప్తంగా: బ్రిటిష్ కామిక్స్‌లో ప్రత్యామ్నాయ చరిత్ర అనగానే చాలామందికి 'వి ఫర్ వెండెట్టా' రాసిన ఆలన్ మూర్ పేరే తడుతుంది. మూర్ కంటే కొన్నేళ్లు ముందే ఆ దారి పట్టి, 1978 నుంచి 2022 దాకా అదే అంశానికి మళ్లీ మళ్లీ తిరిగివచ్చిన రచయిత, చిత్రకారుడు బ్రయన్ టాల్బట్. మారిన చరిత్రను వ్యాఖ్యానంలో చెప్పకుండా వీధుల్లో, దుస్తుల్లో, యంత్రాల్లో చూపించడం ఆయన పద్ధతి. పత్రికలు ఒకదాని తర్వాత ఒకటి మూతపడినా ఆయన కథలు బతికి బట్టకట్టడానికి ప్రధాన కారణం, వాటి హక్కులు ఆయన చేతిలోనే ఉండడం.

మూడు మాటలు, ఒక గందరగోళం

ప్రత్యామ్నాయ చరిత్ర, సమాంతర ప్రపంచాలు, స్టీమ్‌పంక్ అనే మూడింటినీ ఒకే గాటన కట్టడం పాఠకుల్లో, ఒక్కోసారి సమీక్షకుల్లో కూడా కనిపించే అలవాటు. నిజానికి ఇవి మూడు వేరు వేరు సంగతులు. జరిగిన చరిత్రలో ఒక మలుపును ఎంచుకుని, అక్కడ ఫలితం తారుమారైతే ఆ తర్వాతి కాలం ఏ దారి పట్టేదో తర్కబద్ధంగా ఊహించి రాసేది ప్రత్యామ్నాయ చరిత్ర. అలాంటి అనేక చరిత్రలు పక్కపక్కనే ఒకేసారి నడుస్తున్నాయనీ, ఒకదాంట్లోంచి మరొకదాంట్లోకి వెళ్లవచ్చనీ అనుకుంటే అది సమాంతర ప్రపంచాల కథ అవుతుంది. ఆవిరి యంత్రాలు, గాలి ఓడలు, ఇత్తడి పరికరాలతో నిండిన విక్టోరియా కాలపు అలంకారమే స్టీమ్‌పంక్; ఆ పేరును అమెరికన్ రచయిత కె.డబ్ల్యు. జీటర్ 1987లో వాడుకలోకి తెచ్చారు.

టాల్బట్ రచనల్లో ఈ మూడూ కలిసే ఉంటాయి కనుక గందరగోళం ఆయన విషయంలో మరింత ఎక్కువ. అయితే ఆయన కథల్లో బరువు మోసేది మొదటిదే. గాలి ఓడ ఆకాశంలో కనిపించినప్పుడు అది అందంగా ఉందా లేదా అన్నది ఆయనకు రెండో ప్రశ్న. అది ఎవరి ఓడ, ఎవరి సొమ్ముతో ఎగురుతోంది, దాన్ని చూసి కింద వీధిలో నడిచేవారు ఎందుకు తలదించుకుంటున్నారు అన్నవి మొదటి ప్రశ్నలు.

విగన్ నుంచి పోర్టొబెల్లో దాకా

టాల్బట్ 1952లో ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతంలోని విగన్ అనే పారిశ్రామిక పట్టణంలో పుట్టారు. పిల్లల వారపత్రికలతో నడుస్తున్న అప్పటి బ్రిటిష్ కామిక్స్ రంగంలోకి ఆయన ముందువాకిలి గుండా రాలేదు. 1970ల మధ్యలో లండన్ పోర్టొబెల్లో రోడ్డు కేంద్రంగా వెలువడిన 'బ్రెయిన్‌స్టార్మ్ కామిక్స్' అనే అండర్‌గ్రౌండ్ పత్రికలో, చెస్టర్ పి. హ్యాకెన్‌బుష్ అనే హిప్పీ రసవాది కథలతో మొదలుపెట్టారు. ఆ పత్రికల్లో డబ్బు తక్కువ, స్వేచ్ఛ ఎక్కువ. పేజీని ఎలా విడగొట్టాలి, ఏ వయసువారి కోసం గీయాలి, ఏ విషయం ముట్టుకోకూడదు అని చెప్పే సంపాదకుడు అక్కడ లేడు. ఆ తర్వాత ఆయన చేసిన ప్రయోగాలకు పునాది అక్కడే పడింది.

ఒక కథ, రెండు ఆగిపోవడాలు

'ది అడ్వెంచర్స్ ఆఫ్ లూథర్ ఆర్క్‌రైట్' 1978లో ఎడిన్‌బరో నుంచి వెలువడిన 'నియర్ మిత్స్' అనే పత్రికలో మొదలైంది. ఆ పత్రిక ఐదు సంచికలతో ఆగిపోయింది. 1982లో 'ప్‌స్ట్' అనే మరో పత్రికలో సీరియల్ కొనసాగింది. అదీ పది సంచికలకు మించి నడవలేదు. కథ సగంలో ఉండగానే వేదిక మళ్లీ కూలింది. చివరికి 1987–89 మధ్య వాల్కిరీ ప్రెస్ విడి సంచికలుగా వేసినప్పుడే టాల్బట్ దాన్ని పూర్తి చేయగలిగారు. 1990లో అమెరికాకు చెందిన డార్క్ హార్స్ సంస్థ పునర్ముద్రణ చేపట్టడంతో అట్లాంటిక్ అవతలి పాఠకులకూ చేరింది.

ఈ పదకొండేళ్ల వ్యవధి కథ రూపురేఖలపై కూడా ప్రభావం చూపింది. మొదటి భాగం ముక్కలు ముక్కలుగా, కాలాలు కలగాపులగంగా, పాఠకుడు పట్టుదలతో చదివితే తప్ప అందనట్టుగా ఉంటుంది. చివరి భాగానికి వచ్చేసరికి గీత స్థిరపడింది, కథనం సాఫీ అయింది, యుద్ధ దృశ్యాలకు వరుస క్రమం వచ్చింది. ఒకే పుస్తకంలో ఒక కళాకారుడి ఎదుగుదలను పేజీల వారీగా చూడడం అరుదు. దీన్ని లోపమన్నవారూ ఉన్నారు. కానీ సంపుటంగా చదివినప్పుడు ఆ తేడా కథలోని అస్థిర ప్రపంచాలకు సరిపోయినట్టే అనిపిస్తుంది.

అంతర్యుద్ధం ముగియకపోతే

అసలు చరిత్రలో ఇంగ్లండ్ అంతర్యుద్ధం 1642లో మొదలైంది. పార్లమెంటు పక్షం గెలిచింది, 1649లో మొదటి చార్లెస్ రాజుకు శిరచ్ఛేదం జరిగింది, ఆలివర్ క్రామ్‌వెల్ పాలించాడు, 1658లో అతను చనిపోయాక రెండేళ్లకే రాచరికం తిరిగొచ్చింది. అంటే ప్యూరిటన్ల (కఠిన నియమాల ప్రొటెస్టెంట్ల) గణతంత్రం పట్టుమని పన్నెండేళ్లు కూడా నిలవలేదు. ఇంగ్లండ్ తన చరిత్రలో ఒక్కసారి రాజును తీసేసి, మళ్లీ తెచ్చుకుని, ఆ మధ్యకాలాన్ని మరచిపోయినట్టు నటించింది. టాల్బట్ పట్టుకున్న మలుపు అదే.

ఆర్క్‌రైట్ కథలోని ప్రధాన ప్రపంచంలో ఆ కలహం చల్లారలేదు. క్రామ్‌వెల్ వారసులు ఇరవయ్యో శతాబ్దంలో కూడా ఇంగ్లండ్‌ను ప్యూరిటన్ నిరంకుశత్వంలో ఉంచుతారు. రాచపక్షం రహస్యంగా తిరుగుబాటుకు సిద్ధమవుతూ ఉంటుంది. ఈ ప్రతిష్టంభన వెనుక డిస్రప్టర్లనే అదృశ్య శక్తులు ఉన్నాయనీ, అవి అనేక ప్రపంచాల చరిత్రలను చెడగొడుతున్నాయనీ కథ చెబుతుంది. కేవలం మనోబలంతో ఒక ప్రపంచంలోంచి మరో ప్రపంచంలోకి వెళ్లగల లూథర్ ఆర్క్‌రైట్, ఈ అల్లకల్లోలం అంటని ఒక స్థిరమైన ప్రపంచం తరఫున పనిచేస్తాడు. రోజ్ వైల్డ్ అనే స్త్రీ ఒకరి మనసులోని మాట మరొకరికి చేరవేసే శక్తితో అతనికి తోడుంటుంది.

రాచరికపు చిహ్నాలను, సైనిక వేషాలను ఎంతో మోజుగా గీసే టాల్బట్ నిజంగా రాచపక్షమేనా అన్న అనుమానం మొదటి కథ చదివినవారికి రావడం సహజం. దానికి జవాబు 1999లో వచ్చిన 'హార్ట్ ఆఫ్ ఎంపైర్'లో దొరుకుతుంది. మొదటి కథలో గెలిచిన తిరుగుబాటు ఇరవై మూడేళ్ల తర్వాత ఏమైందో ఇందులో కనిపిస్తుంది. రాణి యాన్ పాలనలో బ్రిటన్ ప్రపంచాన్నే ఏలుతోంది. ఆ వైభవం కింద బానిసత్వం, జాతి వివక్ష, రాచకుటుంబపు కుళ్లు పేరుకుపోయి ఉన్నాయి. నాయిక, ఆర్క్‌రైట్ కూతురైన యువరాణి విక్టోరియా, తాను పుట్టి పెరిగిన భవనం దేనిమీద నిలబడిందో నెమ్మదిగా తెలుసుకుంటుంది. చరిత్రను ఒకసారి 'సరిచేస్తే' అంతా చక్కబడుతుందన్న ఊహను రచయిత తన సొంత కథపైనే తిరగేసి కొట్టాడు. ప్రత్యామ్నాయ చరిత్ర రాసేవారిలో చాలామంది మలుపు దగ్గరే ఆగిపోతారు. గెలిచినవారి మనవల కాలం దాకా వెళ్లి చూసేవారు తక్కువ.

మాట మానేసిన చోట బొమ్మ

నవలా రచయితకు ప్రత్యామ్నాయ చరిత్రలో ఎదురయ్యే పెద్ద చిక్కు, నేపథ్యం చెప్పడం. ఏ యుద్ధం ఎవరు గెలిచారో, ఏ దేశం ఎప్పుడు విడిపోయిందో పాఠకుడికి తెలియాలి. కానీ ఆ ప్రపంచంలో పుట్టిపెరిగిన పాత్రలు ఒకరికొకరు చరిత్ర పాఠం చెప్పుకోరు. అందుకే నవలల్లో దారి తప్పిన ప్రయాణికుడో, బడిపిల్లవాడో, పాత వార్తాపత్రికో వచ్చి పడుతుంటాయి. కామిక్స్‌లో ఈ భారాన్ని బొమ్మ మోయగలదు. గోడమీది పోస్టరు, నాణెం మీది ముఖం, పోలీసు టోపీ ఆకారం, దుకాణం పేరు ఏ భాషలో ఉంది అన్నవి కథ ఆగకుండానే చరిత్రను చెబుతాయి.

టాల్బట్ ఈ వెసులుబాటును చివరిదాకా వాడుకున్నారు. 'ఆర్క్‌రైట్'లో ఆయన కామిక్స్‌కు అలవాటైన మూడు సాధనాలను పూర్తిగా వదిలేశారు: పాత్రల ఆలోచనలు చూపే మబ్బు బుడగలు లేవు, వేగాన్ని సూచించే గీతలు లేవు, 'ఢాం' 'ధన్' లాంటి శబ్దాక్షరాలు లేవు. తుపాకీ పేలితే శబ్దం రాసి ఉండదు. ఆ క్షణాన్ని చిన్న చిన్న గడులుగా ముక్కలు చేసి, ఒకే కదలికను పలు కోణాల్లో చూపిస్తారు. సినిమా ఎడిటింగ్ నుంచి, ముఖ్యంగా నికొలస్ రోగ్ చిత్రాల నుంచి వచ్చిన ప్రభావం ఇందులో స్పష్టం. నలుపు తెలుపుల్లో సన్నని అడ్డగీతలతో నీడలు నింపే తీరు పద్దెనిమిదో శతాబ్దపు విలియం హోగార్త్ చెక్కుడు చిత్రాలను తలపిస్తుంది. హోగార్త్ లండన్ వీధి చిత్రంలో ప్రతి మూలా ఒక కథ ఉన్నట్టే, టాల్బట్ పేజీలోనూ ముందున్న పాత్ర వెనక మరో మూడు సంఘటనలు జరుగుతుంటాయి.

ఈ పద్ధతికి మూల్యం కూడా ఉంది. మొదటిది సమయం. గోడమీది నోటీసుకు కూడా చరిత్ర ఉండాలంటే, పేజీ గీసేముందే ఆ లోకపు చట్టాలు, మతం, రవాణా, ఫ్యాషన్ అన్నీ తేల్చుకోవాలి. రెండోది పాఠకుడిపై పడే భారం. బ్రిటిష్ చరిత్ర తెలియనివారికి ఆ సూచనల్లో సగం కేవలం అలంకారంగా మిగిలిపోతాయి. 'హార్ట్ ఆఫ్ ఎంపైర్'కు టాల్బట్ రాసిన పేజీలవారీ వివరణలతో సీడీ రోమ్ రావడం ఈ ఇబ్బందికి ఒప్పుకోలులాంటిదే.

ఇదే పద్ధతి ఇతర బ్రిటిష్ రచయితల్లోనూ కనిపిస్తుంది. వారెన్ ఎలిస్ రాయగా క్రిస్ వెస్టన్ గీసిన 'మినిస్ట్రీ ఆఫ్ స్పేస్' (2001–04)లో రెండో ప్రపంచయుద్ధం చివర జర్మన్ రాకెట్ శాస్త్రవేత్తలను అమెరికా కాకుండా బ్రిటన్ పట్టుకుంటుంది. ఆ తర్వాత అంతరిక్షం బ్రిటన్ సొంతమవుతుంది. కథంతా మెరిసే రాకెట్లు, నిబ్బరమైన సైనికాధికారులు. చివర్లో అంతరిక్ష కేంద్రంలో తెల్లవారు కానివారికి వేరుగా పెట్టిన గది బోర్డు కనిపిస్తుంది. సామ్రాజ్యం కూలకపోతే ఇంకేది కూలదో ఆ బోర్డు ఒక్కటే చెప్పేస్తుంది.

వారపత్రిక కొలువు, హక్కుల లెక్క

'ఆర్క్‌రైట్' ఆగిపోయిన కాలంలో టాల్బట్ '2000 ఎ.డి.' వారపత్రికకు పనిచేశారు. పాట్ మిల్స్ రాసిన 'నెమెసిస్ ది వార్లాక్'లో, కెవిన్ ఓనీల్ మొదలుపెట్టిన 'గోథిక్ ఎంపైర్' భాగాన్ని అందుకుని కొనసాగించారు. భూమి నుంచి వచ్చిన పాత ప్రసారాలు విని విక్టోరియా బ్రిటన్‌ను అచ్చుగుద్దినట్టు అనుకరించే గ్రహాంతరవాసుల కథ అది. సామ్రాజ్యాన్ని వేషంగా చూపడం ఎలాగో ఆ పనిలో ఆయనకు బాగా అలవడిందని చెప్పవచ్చు. క్రమం తప్పని జీతంలాంటి రాబడి, పెద్ద సంఖ్యలో పాఠకులు ఆ పత్రిక ఇచ్చిన లాభాలు. కానీ నాటి బ్రిటిష్ వారపత్రికల పద్ధతి ప్రకారం గీసిన పాత్రలు, కథలు ప్రచురణ సంస్థవే. రచయితకూ చిత్రకారుడికీ దక్కేది ఆ వారపు కూలి.

ఇక్కడ ఆలన్ మూర్‌తో పోలిక పనికొస్తుంది. మూర్ రాయగా డేవిడ్ లాయిడ్ గీసిన 'వి ఫర్ వెండెట్టా' 1982లో 'వారియర్' పత్రికలో మొదలై, ఆ పత్రిక 1985లో మూతపడడంతో సగంలో ఆగింది. 'ఆర్క్‌రైట్'కు పట్టిన గతే అది. అయితే ఆ కథ అమెరికన్ దిగ్గజం డీసీ దగ్గర 1988–89లో పూర్తయింది. అంతకుముందే డీసీకి మూర్, డేవ్ గిబ్బన్స్ కలిసి చేసిన 'వాచ్‌మెన్' (1986–87)లో అమెరికా వియత్నాం యుద్ధం గెలిచి, 1985లోనూ నిక్సన్ అధ్యక్షుడిగా కొనసాగుతుంటాడు. పుస్తకం ముద్రణలో లేకుండా పోతే హక్కులు సృష్టికర్తలకు తిరిగివస్తాయని ఒప్పందం. పుస్తకం ముద్రణలోంచి పోనే లేదు. హక్కులు రానే లేదు. మూర్ డీసీతో తెగతెంపులు చేసుకుని, చివరికి సినిమాల మీద తన పేరు కూడా వద్దన్నారు. 'వి ఫర్ వెండెట్టా' నాయకుడి ముసుగు మాత్రం ప్రపంచమంతటా నిరసన ప్రదర్శనల్లో కనిపిస్తూనే ఉంది.

టాల్బట్‌కు అంత కీర్తి రాలేదు, అంత నష్టమూ జరగలేదు. చిన్న సంస్థల దగ్గర ఆలస్యంగా, తక్కువ ప్రతులతో వచ్చినా 'ఆర్క్‌రైట్' ఆయనదే కనుక ఒక ప్రచురణకర్త నుంచి మరొకరికి మారుతూ సాగింది. 2005లో బిగ్ ఫినిష్ సంస్థ దాన్ని శ్రవ్యనాటకంగా తెచ్చింది. అందులో ఆర్క్‌రైట్‌కు గొంతు ఇచ్చింది డేవిడ్ టెనెంట్. తొలి సంచిక వచ్చిన నలభై నాలుగేళ్లకు మూడో భాగం రాయడం సాధ్యమైంది కూడా ఈ కారణంగానే. పెద్ద సంస్థ చేతిలో ఉండి ఉంటే ఈపాటికి ఆ పాత్రను ఎందరో కొనసాగించి ఉండేవారన్నది ఊహే అయినా, 'వాచ్‌మెన్' విషయంలో జరిగింది చూస్తే నిరాధారమైన ఊహ కాదు.

గ్రాండ్‌విల్: వలసగా మారిన బ్రిటన్

2009లో మొదలైన 'గ్రాండ్‌విల్' మలుపు మరింత సూటిగా ఉంటుంది. నెపోలియన్ యుద్ధాల్లో ఫ్రాన్స్ గెలిచింది. బ్రిటిష్ రాజకుటుంబం గిలటిన్ పాలైంది, బ్రిటన్ ఫ్రెంచి సామ్రాజ్యంలో ఒక భాగమైంది. ఏళ్ల తరబడి సాగిన సహాయ నిరాకరణ, బాంబు దాడుల తర్వాత, కథాకాలానికి ఇరవై మూడేళ్ల ముందు అది స్వతంత్ర సోషలిస్టు గణతంత్రమైంది. ఇంగ్లిష్ ఛానల్ మీదుగా రైలు వంతెన రెండు దేశాలనూ కలుపుతుంది. ప్రపంచానికి రాజధాని పారిస్. దాని వాడుక పేరే గ్రాండ్‌విల్.

ఈ లోకంలో మనుషుల స్థానంలో జంతు ముఖాలవారు ఉంటారు. స్కాట్లండ్ యార్డ్ ఇన్‌స్పెక్టర్ లెబ్రాక్ ఒక బ్యాడ్జర్ (బొరియలు తవ్వే జంతువు), దిట్టమైన శరీరం, పదునైన బుర్ర; సహాయకుడు రాట్జీ ఒక ఎలుక. మనుషులు 'డోఫేస్' అనే చులకన పేరుతో హోటల్ కుర్రాళ్లుగా, పనివాళ్లుగా మాత్రమే కనిపిస్తారు. జంతువుల తలలతో సమాజాన్ని ఎద్దేవా చేసిన పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు జె.జె. గ్రాండ్‌విల్ పేరే ఈ పుస్తకానికి పెట్టారు. రాబోయే కాలపు గాలి ఓడలను ఊహించి గీసిన ఆల్బర్ట్ రోబిడా పేరు కథలోని ఒక గోపురానికి వచ్చింది.

ఆ గోపురాన్ని గాలి ఓడతో ఢీకొట్టి కూల్చారు. నింద బ్రిటిష్ అరాచకవాదుల మీద పడింది. 2001 సెప్టెంబరు 11 దాడులు, ఆ తర్వాతి ఇరాక్ యుద్ధం నీడ ఇందులో దాచకుండానే కనిపిస్తుంది. కథలో అసలు కుట్ర పాలకవర్గానిదేనని తేలుతుంది. మొదటి సంపుటంలో బలహీనమైన చోటు కూడా ఇదే: నిజజీవితంలో ఆధారం లేని కుట్ర సిద్ధాంతాలకు ఈ ముగింపు దగ్గరగా వెళుతుంది, సామ్రాజ్యం పనిచేసే తీరు కొద్దిమంది దుర్మార్గుల గదికి కుదించుకుపోతుంది.

రెండో సంపుటం 'గ్రాండ్‌విల్ మోనామూర్' (2010) ఆ లోటును చాలావరకు పూడ్చింది. స్వాతంత్ర్యం తెచ్చిన వీరులుగా పేరు పొందినవారి గతంలో దాగిన నేరాలు ఇందులో బయటపడతాయి. కొత్తగా విడుదలైన దేశం తన పుట్టుక కథను ఎంత జాగ్రత్తగా కడిగి ఆరేసుకుంటుందో చూపిన తీరు, వలస పాలన అనుభవం ఉన్న మన పాఠకులకు బ్రిటిష్ పాఠకుల కంటే త్వరగా తగులుతుంది. వలసగా మారినది బ్రిటన్ అయినా, కథలోని అవమానాలూ బేరసారాలూ మనకు కొత్తవి కావు. ఈ పుస్తకం సైన్స్ ఫిక్షన్ రంగపు హ్యూగో అవార్డు పోటీలో 2011లో నిలిచింది.

మూడో సంపుటం 'బెట్ నువార్' (2012)లో ధనవంతుల ముఠా ఒకటి, జనజీవితాన్ని చూపే చిత్రకళను అణచడానికి నైరూప్య చిత్రకళకు డబ్బు పోస్తుంది. వింత కల్పనలా కనిపించినా దీనికి మూలం వాస్తవమే. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ, 1950లో ఏర్పడిన కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్ వంటి వేదికల ద్వారా సాంస్కృతిక రంగంలోకి రహస్యంగా నిధులు పంపింది. అమెరికన్ నైరూప్య చిత్రకళ ప్రచారం కూడా ఆ ప్రయత్నంలో భాగంగా చర్చకు వచ్చింది. 2014లో 'నోయెల్', 2017లో 'ఫోర్స్ మజూర్' లెబ్రాక్ కథను ఐదు సంపుటాలతో ముగించాయి.

జరిగిన చరిత్ర కూడా

టాల్బట్ కృషిలో సగం ప్రత్యామ్నాయ చరిత్ర కానే కాదు. లైంగిక హింస నుంచి పారిపోయిన బాలిక కథ 'ది టేల్ ఆఫ్ వన్ బ్యాడ్ ర్యాట్' 1996లో కామిక్స్ రంగపు ఐస్నర్ అవార్డు పొందింది. 'ఆలిస్ ఇన్ సండర్లాండ్' (2007) ఆయన నివసించే ఈశాన్య ఇంగ్లండ్ నగరానికీ 'ఆలిస్' కథల రచయిత లూయిస్ కరోల్‌కూ ఉన్న సంబంధాన్ని తవ్వుతూ, ఫోటోలు, పాత ముద్రణలు, నాటకరంగం కలిపి అల్లిన స్థానిక చరిత్ర. భార్య మేరీ టాల్బట్ రాయగా ఆయన గీసిన 'డాటర్ ఆఫ్ హర్ ఫాదర్స్ ఐస్' 2012 కోస్టా సాహిత్య పురస్కారాల్లో జీవితచరిత్ర విభాగం గెలుచుకుంది. గ్రాఫిక్ పుస్తకానికి ఆ పురస్కారాల్లో ఏ విభాగంలోనైనా దక్కిన తొలి గెలుపు అది. 1871 పారిస్ కమ్యూన్ విప్లవకారిణి లూయీజ్ మిషెల్ జీవితం మీద ఈ దంపతులు 2016లో మరో పుస్తకం తెచ్చారు.

ఈ రెండు పాయలకూ పనితనం ఒకటే. సండర్లాండ్ ఓడరేవు నిజంగా ఎలా ఉండేదో వెతికిపట్టుకునే ఓపిక ఉంటేనే, ఎన్నడూ లేని ఛానల్ వంతెనను నమ్మేలా గీయడం సాధ్యం. లేనిదాన్ని ఊహించే రచయితలు ఉన్నదాన్ని చదవరన్న అపోహకు ఈ పుస్తకాల వరుసే సమాధానం.

ఎక్కడ మొదలుపెట్టాలి

2022లో జోనథన్ కేప్ సంస్థ 'ది లెజెండ్ ఆఫ్ లూథర్ ఆర్క్‌రైట్'ను ప్రచురించింది. దాంతో ఆ కథ మూడు పుస్తకాలైంది. ప్రచురణ క్రమంలో చదవాలనుకునేవారికి ఒక హెచ్చరిక అవసరం. తొలి 'ఆర్క్‌రైట్' మొదటి యాభై పేజీలు దాటడం కష్టం, పైగా 1642, 1649, 1660 అనే మూడు తేదీల దగ్గర ఏం జరిగిందో తెలియకపోతే కథలోని వ్యంగ్యం జారిపోతుంది. 'గ్రాండ్‌విల్' మొదటి రెండు సంపుటాలకు నెపోలియన్ ఓడిపోయాడన్న ఒక్క సంగతి తెలిస్తే చాలు, ఏ సంపుటానికి ఆ సంపుటంలో నేరపరిశోధన పూర్తవుతుంది కూడా. అక్కడ మొదలుపెట్టి, బొమ్మ వెనక బొమ్మ చూడడం అలవాటయ్యాక 'ఆర్క్‌రైట్'కు, దాని తర్వాత వెంటనే 'హార్ట్ ఆఫ్ ఎంపైర్'కు వెళ్లడం మేలు. మొదటిదాంట్లో రాచపక్షం గెలుపును చూసి ఆగిపోయినవారికి టాల్బట్ చెప్పదలచుకున్నది సగమే అందుతుంది.